తువ్వాలు పరిచిన సోఫా

...కాబట్టి ఖాళీగా ఉండటం వేరు, ఒకరి కోసం ఖాళీగా ఉంచడం వేరు. మొదటిది విశ్రాంతి, రెండోది ఉద్యోగం. నేను ఒక సోఫాని. ఆ రెండో పని చాలా ఏళ్లు చేసి ఇప్పుడు మొదటిదాన్లోకి వచ్చాను. కాకినాడలో మిత్రా కాలనీ కళావేదిక వెనకగదిలో, చిరిగిన తెరలకూ కాలు విరిగిన కుర్చీలకూ మధ్య గోడవైపు తిరిగి ఉన్నాను. గోడ మంచి తోడు. ఆలస్యంగా రాదు, వచ్చి మాట్లాడదు.

నన్ను చేసిన వడ్రంగి వేపచెక్కకి రోజ్‌వుడ్ రంగు పూశాడు. లోపల స్ప్రింగుల మీద కొబ్బరిపీచు కుక్కి, పైన ఎర్ర మఖమల్ బిగించి, చేతులు ఆనించుకునే చోట రెండు సింహాలు చెక్కి బంగారు రంగు వేశాడు. వాటిని చూసిన పిల్లలందరూ పిల్లులనే అన్నారు. లోపల ఒకటి, పైన మరొకటిగా పుట్టినందుకు మొదట్లో కొంచెం సిగ్గుపడేవాణ్ణి. మనుషుల్ని దగ్గరగా చూశాక ఆ సిగ్గు పోయింది.

షామియానాలు అద్దెకిచ్చే ఒకాయన నన్ను కొని పెళ్లిపందిళ్లకి తిప్పాడు. కొత్త దంపతులు నా మీద కూర్చునేవాళ్లు. నా మీద కూర్చున్నవాళ్ల ముఖాలు నాకు ఎప్పుడూ కనిపించవు. నాకు తెలిసింది వీపులూ బరువులే. అది తక్కువ చదువేమీ కాదు. ముఖాన్ని అద్దం ముందు దిద్దుకోవచ్చు గాని, కూర్చునే తీరుని దిద్దుకున్నవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. పెళ్లికొడుకు నవ్వుతూనే ఉంటాడు, వాడి వేళ్లు మాత్రం నా సింహం పీక నొక్కుతుంటాయి. పెళ్లికూతురు నా అంచు మీద, లేచి వెళ్లిపోవడానికి వీలుగా కూర్చుంటుంది. ఫొటోగ్రాఫరు "కొంచెం దగ్గరగా జరగండమ్మా" అంటాడు. జరుగుతారు. ఎదుటివాళ్లు చెబితేనే దగ్గరయ్యే అలవాటు మనుషులకి అక్కడే పట్టుబడుతుందేమో.

తరవాత తెల్ల సోఫాల రోజులొచ్చాయి. అప్పటికి నా సింహాలకి చెవులు కూడా లేవు. సిమెంటు వ్యాపారం చేసే మేడిశెట్టి వీరభద్రంగారు నన్ను తీసుకుని, స్వర్గస్థులైన తన తండ్రి జ్ఞాపకార్థం కళావేదికకి బహూకరించారు. తండ్రిగారు ఏనాడూ పాట వినలేదనీ, ఎవరైనా ఆడితే చూడలేదనీ ఊళ్లో అందరికీ తెలుసు. నా వీపు మీద తండ్రి పేరు చిన్న అక్షరాల్లో, కొడుకు పేరు పెద్ద అక్షరాల్లో నీలం రంగుతో రాయించారు. ఆ హాల్లో పేరు లేని వస్తువు లేదు. ఫ్యాను రెక్క మీదా దాత పేరే. పాపం ఫ్యాను తిరిగితే దాత కనిపించడు, దాత కనిపించాలంటే గాలి ఆగాలి.

నన్ను మొదటి వరసలో, సరిగ్గా నడిమధ్యన వేశారు. మీద తెల్ల టర్కీ తువ్వాలు పరిచారు. ఆ తువ్వాలుతో నా జాతకం మారిపోయింది. హాలంతా నిండి, గోడలకి ఆనుకుని జనం నిలబడ్డా నా మీద ఎవరూ కూర్చోరు. ఒకసారి ఒక చంటిపిల్ల పాక్కుంటూ ఎక్కబోతే తల్లి గుండెలు బాదుకుంటూ లాక్కుపోయింది, కరెంటు తీగ ముట్టుకోబోయినట్టు. ముఖ్య అతిథి అనే ఆయన రావాలి. ఆయన వచ్చి నా మీద కూర్చునే దాకా పాట పుట్టదు, మువ్వ మోగదు.

ఆయన ఏడాదికొకరు. ఒక ఏడు చైర్మన్‌గారు, ఒక ఏడు కాంట్రాక్టరుగారు. బరువులు వేరైనా కూర్చునే తీరు ఒకటే. ముందు వెనక్కి వాలతారు, తమ పేరు పలికినప్పుడు ముందుకి వంగుతారు, పిల్లలు ఆడుతున్నప్పుడు ఫోను చూసుకుంటారు. నిద్రపోయినవాళ్లంటే నాకు కొంత గౌరవం. నిద్రలో మనిషి ఎవరికీ అతిథి కాడు.

ఇదంతా నడిపించేది కార్యదర్శి గ్రంధి పేర్రాజుగారు. సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్లో పొలాలన్నిటికీ హద్దురాళ్లు పాతించినాయన, తన హద్దు దాటడం మాత్రం ఎరగడు. అతిథిని గుమ్మం దగ్గర "దయచేయండి, దయచేయండి" అంటూ ఎదుర్కొని, వెనక్కి నడుస్తూ నా దగ్గరికి తీసుకొచ్చేవాడు. తరవాత జ్యోతి ప్రజ్వలనం. అందుకోసం దాతలున్న ఫ్యాన్లన్నీ ఆపాలి. చెమటతో వత్తి అంటించాక ఉపన్యాసాలు, శాలువాలు, దండలు. ఆ తర్వాత మిగిలిన కాస్త వ్యవధిలో కళ.

జనం వెళ్లిపోయాక పేర్రాజుగారు తువ్వాలు మడిచి, నా మఖమల్‌ని అరచేత్తో తుడిచేవాడు. దుమ్ముకి అంతసేపు అక్కర్లేదు. కూర్చోవాలని ఉందని ఆ చెయ్యి నాకు చెబుతుండేది. ఆయన మాత్రం ఏనాడూ కూర్చోలేదు. జీవితమంతా పెద్దవాళ్లని కూర్చోబెట్టినవాడికి, తాను కూర్చుంటే ఆ పెద్దరికం అబద్ధమని తేలిపోతుందేమోనని భయం కాబోలు.

ఇక భ్రమరాంబ టీచరు. కాలనీలో ఆడపిల్లలందరికీ ఆవిడే కూచిపూడి నేర్పింది. వార్షికోత్సవంలో పిల్లల అంశాలన్నీ అయ్యాక చివర్న టీచరుగారి సొంత అంశం ఒకటి, పాటకి అభినయం పట్టే పదం, ప్రతి ఏడూ ఉంటుంది. ఉంటుందంటే ప్రకటనలో ఉంటుంది. ఉపన్యాసాలు సాగి సాగి ఆఖరికి పేర్రాజుగారు మైకు ముందు నిలబడి, "సమయాభావం వల్ల భ్రమరాంబగారి పదం వచ్చే సంవత్సరం" అనేవాడు. సమయాభావమట. ఇన్నేళ్లలో సమయం లేదని చెప్పి ఒక్క ఉపన్యాసమైనా ఆపగా నేను వినలేదు. ఆ లోటెప్పుడూ ఆడేవాళ్ల దగ్గరకొచ్చేసరికే పడేది. టీచరు పక్కగదిలో రంగు తుడుచుకుని, పిల్లల తల్లులతో నవ్వుతూ మాట్లాడి వెళ్లిపోయేది.

ఒక్క ఏడు సంగతి మాత్రం వేరు. ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి, వేసవిలో ఆపరేషన్ అన్నారు. తరవాత నడవచ్చు గాని ఆడటం కుదరదని డాక్టరు చెప్పాడు. పైగా ఆ ఏడు పెన్‌డ్రైవు పాట కాదు. వయసులో ఆవిడకి మృదంగం వాయించిన సాంబమూర్తిగారు రాజమండ్రి నుంచి వచ్చారు. పాడటానికి ఆవిడ చెల్లెలు వచ్చింది. మనిషి వాయిస్తుంటే మనిషి ఆడి ఎన్నాళ్లయిందో ఆవిడకే గుర్తులేదు. ఆడితే ఆ సాయంత్రమే ఆడాలి, లేకపోతే ఇక లేదు. సాంబమూర్తిగారికి ఏడున్నర బండి ఉంది.

అయిదింటికి మొదలవుతుందన్న కార్యక్రమం ఆరు దాటినా మొదలు కాలేదు. పిల్లల బుగ్గల మీద రంగు కరిగి మెడల్లోకి దిగుతోంది. నా మీద తువ్వాలు మల్లెపువ్వులా మెరుస్తోంది. పేర్రాజుగారు ఫోను చెవిన పెట్టుకుని ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ, "బయల్దేరారండి, బయల్దేరారు" అంటున్నాడు.

నా వెనక వరసలో ఒకావిడ పక్కావిడతో అంది:

"ఏటే సత్తెవతీ, ఆ సోఫాయేవన్నా డేన్సాడుద్దా? అందరం దానికేసే చూత్తన్నాం."

"ఆడినా ఆడుద్ది వదినా. మనోళ్లకంటే దానికే ఖాళీగా ఉంది."

అన్నేళ్లలో నా గురించి ఎవరైనా నిజం మాట్లాడింది అదే.

వేదిక మీద సాంబమూర్తిగారు మృదంగానికి గుడ్డ కప్పి, దాని మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. పేర్రాజుగారు దగ్గరకెళ్లి, "ఇంకో పావుగంట, గురువుగారూ" అన్నాడు.

"అలాగే నాయనా. ఆయనకి కారుంది, ఎప్పుడొచ్చినా వెళ్తాడు. నాకున్నది రైలు. అది ముఖ్య అతిథులకి ఆగదు."

"అలాగంటే ఎలాగండీ. పెద్దమనిషి..."

"నేనూ చిన్నవాణ్ణేం కాదులే."

అప్పుడు పక్కగది తలుపు తీసుకుని భ్రమరాంబ టీచరు బయటికొచ్చింది. జరీ చీర కచ్చపోసి కట్టి, నెరిసిన జుట్టుకి జడ కుచ్చులు పెట్టుకుంది. చేతిలో గజ్జెలు. వాటిని నేల మీద కూర్చుని కట్టుకోవాలి. కూర్చుంటే ఆ మోకాళ్లతో లేవలేదు. కుర్చీ కోసం అటూ ఇటూ చూసింది. హాల్లో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. తువ్వాలు పరిచిన నేను తప్ప.

ఆవిడ తిన్నగా వచ్చి నా మీద కూర్చుంది.

ఆవిడ బరువు ఎంతో లేదు. అయినా అంతమంది పెద్దమనుషుల్ని మోసిన నా స్ప్రింగులు ఆ క్షణాన కంగారుపడ్డాయి. ఆవిడ వెనక్కి వాలలేదు. పెళ్లికూతుళ్లలా అంచు మీదా కూర్చోలేదు. నిండుగా కూర్చుంది, పనుండి కూర్చున్న మనిషిలా. తొడ వణుకుతోంది. అది నొప్పో భయమో నాకు తేల్చుకోవడం రాలేదు. రెండూ ఒకే చోట పుడతాయనుకుంటాను.

పేర్రాజుగారు పరుగున వచ్చాడు. "అమ్మా, టీచరుగారూ, అది అతిథిగారి..."

"ఆయనొచ్చాక లేస్తాలెండి. ఆయన కాళ్లకి గజ్జెలు లేవుగా, నిలబడినా పర్లేదు."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"దీపం వెలిగించలేదండి. జ్యోతి ప్రజ్వలనం కాకుండా మొదలెడితే ఎవరైనా ఏవంటారు?"

ఆవిడ గజ్జెల తాడు ముడేస్తూ తల ఎత్తకుండానే అంది: "దేవుడికి పొద్దున్నే ఇంట్లో దీపం పెట్టొచ్చాను. ఆయన దీపం ఆయనొచ్చి ఆయన పెట్టుకుంటారు. పిల్లలది పెన్‌డ్రైవే కాబట్టి ఎప్పుడైనా ఆడుకుంటారు. ముందు నేను ఆడేస్తాను, పేర్రాజుగారూ. ఈసారి నాకు సమయాభావం."

ఆయన అతిథి కోసం తెచ్చిన బొకే పట్టుకుని గోడవారకి తప్పుకున్నాడు. ఎన్నో ఏళ్లు తాను వాడిన మాట ఎదుటివాళ్ల నోట వినడం మనిషికి మంచిది కాదు. తన గొంతే అవతలి గదిలోంచి వినిపించినట్టు ఉంటుంది.

ఆవిడ నా తలలేని సింహం మీద... తల ఉంది, చెవులే లేవు, ఆ సింహం మీద చెయ్యి ఆనించి లేచింది. మెట్లెక్కి వేదిక మీదికెళ్లి, సాంబమూర్తిగారికి నమస్కారం పెట్టింది. ఆయన గుడ్డ తీశారు. చెల్లెలు రాగం అందుకుంది.

ఆ పదంలో కథ పెద్దగా ఏమీ లేదు. ఒకామె ఇల్లంతా సర్ది, పువ్వులు పెట్టుకుని, వస్తానన్నవాడి కోసం ఎదురుచూస్తుంటుంది. వాడు రాడు. నేను ఇట్టే పోల్చుకున్నాను, అది నా ఉద్యోగమే. కానీ ఎదురుచూడటంలో అన్ని రంగులున్నాయని నాకు తెలియదు. ఆవిడ మోకాళ్లు వంగలేదు. అడుగు వెయ్యాల్సిన చోట కొన్నిసార్లు కంటితో వేసింది. మృదంగం అది గమనించింది. ఆవిడ అడుగు తప్పబోయిన చోటల్లా కొంచెం ఆగి, ఆ ఖాళీని తానే నింపి, ఏమీ ఎరగనట్టు ముందుకి వెళ్లింది. పెన్‌డ్రైవు అలా ఎవరి కోసమూ ఆగదు. ఫోన్లు వొళ్లోకి దిగాయి. నా ఎదుట గోడవారన నిలబడ్డ పేర్రాజుగారి చేతిలో బొకే వాలిపోయి పువ్వులు నేలకేసి చూస్తున్నాయి.

బయట కారు హారను మోగింది.

ఆ హాలుకి గుమ్మం వేదిక పక్కనే ఉంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు అందరి కళ్ల ముందు నుంచీ నడిచి రావాలని, ఆ హాలు కట్టినవాడు దయతో చేసిన ఏర్పాటు. తలుపు తోసుకుని ముఖ్య అతిథిగారు వచ్చారు. తెల్ల చొక్కా, వెనక నలుగురు మనుషులు. వాళ్లలో ఒకడు అప్పుడే ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు. ఇంకొకడు గట్టిగా, "సార్ వచ్చారండీ" అన్నాడు.

జనం తలలు అటు తిరిగాయి. లేచి నిలబడటానికి అలవాటుపడ్డ మొదటి వరస కుర్చీలు కిర్రుమన్నాయి. వేదిక మీద చెల్లెలి గొంతు కొంచెం వణికింది. సాంబమూర్తిగారి చెయ్యి మృదంగం మీదే ఉంది గాని, చూపు పేర్రాజుగారి మీద ఉంది. ఆపమంటే ఆపెయ్యాలి. అది వాళ్ల మర్యాద. ఆగితే ఇక మొదలవదు. దండలూ దీపమూ ఉపన్యాసాలూ అయ్యేసరికి ఏడున్నర బండి వెళ్లిపోతుంది, వేసవి వచ్చేస్తుంది.

భ్రమరాంబ టీచరు మాత్రం ఆగలేదు. తల తిప్పలేదు. పదంలో ఆవిడ అప్పుడే వీధిలో చప్పుడు విని చెవి ఒగ్గి నిలబడింది.

పేర్రాజుగారు బొకే పైకెత్తి గుమ్మానికి ఉరికాడు. ఆ పరుగు నాకు కంఠతా వచ్చు. నడుం ముందే వంగుతుంది, మెడ తరవాత వంగుతుంది, నోరు "ద" దగ్గర గుండ్రంగా తెరుచుకుంటుంది. తెరుచుకుంది కూడా. అతిథిగారు దండ కోసం తల కొంచెం ముందుకి వంచి పెట్టారు.

ఆ రెండు తలలూ అలా ఎదురెదురుగా వంగి ఉండగా, పేర్రాజుగారు ఒకసారి వెనక్కి తిరిగి వేదిక కేసి చూశాడు. ఆయనకి అక్కడ ఏం కనిపించిందో నాకు తెలియదు. మనుషుల మనసు చదవగలనని ఇంతసేపూ చెప్పిన నేను, ఆయన నా మీద ఎన్నడూ కూర్చోలేదు కాబట్టి, ఆ ఒక్కణ్ణీ చదవలేకపోయాను.

ఆయన నడుం నిటారుగా అయింది. బొకేని చంకలో పెట్టుకున్నాడు. ముఖ్య అతిథిగారి ముఖంలోకి చూస్తూ, చూపుడువేలు ఎత్తి తన పెదవుల మీద ఆనించుకున్నాడు.