కలపని చుక్కలు

చుక్కలు పెట్టడం ఒకరి పని, గీత కలపడం ఇంకొకరి పని. పత్తికొండలో పక్కపక్క గుమ్మాల్లో ఉన్నన్నాళ్లూ నాగలక్ష్మమ్మకూ సుబ్బక్కకూ ఉన్న ఒప్పందం ఇదే. నాగలక్ష్మమ్మ ఆ ఊళ్లో ప్రభుత్వ నర్సు. సూదులు వేసిన చెయ్యి కనుక ఆమె చుక్కలు వరుస తప్పేవి కావు. సుబ్బక్కకు చదువు రాదు గానీ, గీత పట్టిందంటే ఎన్ని మెలికలు తిప్పినా మొదలైన చోటికే తెచ్చి కలిపేది. రెండు గుమ్మాలకూ కలిపి ఒకటే ముగ్గు. కులాలు వేరు, చుట్టరికం లేదు, ఒకరింటి పెళ్లిపత్రికలో ఇంకొకరి పేరు పడదు. అయినా ఆ ముగ్గు పూర్తయితే గానీ ఇద్దరికీ కాఫీ గొంతు దిగేది కాదు.

సుబ్బక్క మొగుడు పోయాక తమ్ముడు వచ్చి ఆమెను రాజంపేట తీసుకుపోయాడు. పెళ్లే చేసుకోని నాగలక్ష్మమ్మ రిటైరైంది, మోకాళ్ల వైద్యం కోసం కర్నూలు వచ్చింది, ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండిపోయింది. మెట్ల దగ్గర ముగ్గు వేయొద్దని ఇంటి ఓనరు ముందే చెప్పాడు, టైల్స్ పాడవుతాయట. వేసుకోమన్నా వంగే మోకాళ్లు ఎక్కడున్నాయి? పొద్దున లేచి కాఫీ కలుపుకుని, ఎదురింటి నీళ్ల ట్యాంకు నిండి కారిపోతుంటే చూస్తూ కూర్చునేది. ఆ వేళప్పుడు చేతులకు పని లేకపోవడం ఆమెకు అన్నిటికంటే కష్టంగా ఉండేది.

ఒకరోజు ఆసుపత్రిలో తన వంతు కోసం కాచుకుని ఉండగా, పక్కన ఒక పిల్ల ట్యాబ్ మీద పెన్నుతో బొమ్మలు గీస్తోంది. అదే బొమ్మను వేరే ఊళ్లో దాని స్నేహితురాలు కూడా గీస్తోందట. నాగలక్ష్మమ్మ డాక్టరును చూడనే లేదు. నేరుగా పాతబస్తీలో సెల్‌ఫోన్ సామాన్లు అమ్మే భూపేష్ అంగడికి పోయింది.

"ఏం గీస్తావమ్మా?" అన్నాడు భూపేష్.

"ముగ్గులప్పా."

అతను నవ్వలేదు. నవ్వని అంగడివాడు దొరకడం కూడా ఒక అదృష్టమే. రెండు రకాల పెన్నులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకదానికి మొనలో మెత్తటి రబ్బరు బుడిపె ఉంది, చుక్కలకు పనికొస్తుంది. రెండోదానికి సన్నని మొన, దాని కింద గాజులా మెరిసే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ. ఆ బిళ్ళ ఆనితేనే గీత పడుతుంది, ఎక్కడ పడుతోందో అందులోంచి కనిపిస్తుంది. తర్వాత ఒక నల్లటి చేతితొడుగు ఇచ్చాడు. అందులో ఉంగరపువేలికీ చిటికెనవేలికీ మాత్రమే గుడ్డ ఉంది.

"ఇదేందప్పా, తక్కిన వేళ్లకు గుడ్డ చాల్లేదా?"

"చెయ్యి పక్క భాగం అద్దానికి ఆనితే పిచ్చిగీతలు పడతాయమ్మా. రాసే వేళ్లు బయటుంటే చాలు," అని ఒక పొర కూడా చూపించాడు. "ఇది అద్దానికి అంటించుకో. పెన్ను జారిపోదు, కాగితం మీద గీసినట్టు గరగరమంటాది."

నాగలక్ష్మమ్మ ఆ పొర మీద వేలు రాసి చూసింది. కల్లాపి చల్లి ఆరిన నేలలా ఉంది. తనకు బుడిపె పెన్ను, సుబ్బక్కకు సన్నమొన పెన్ను, తక్కినవి రెండేసి కొని, సుబ్బక్క వంతు రాజంపేటకు పార్సిల్ చేసింది. తనకొక ట్యాబ్ కొనుక్కుంది, సుబ్బక్కకు తమ్ముడి కూతురు సుప్రజ తన పాత ట్యాబ్ ఇచ్చింది. సన్నమొన పెన్నుతో పాటు, ఊడితే మార్చుకోవడానికి వచ్చిన విడి బిళ్ళలను మాత్రం నాగలక్ష్మమ్మ పంపలేదు. సుబ్బక్క పారేసుకుంటుందని తన మాత్రల డబ్బాలోనే దాచింది. జాగ్రత్త ఎక్కువైన మనుషులు ఇలాంటి పనులే చేస్తారు.

అప్పటినుంచి పొద్దున్నే కర్నూలులో ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు దాకా. వాటి మీద రాజంపేట నుంచి తెల్లగీత మెలికలు తిరుగుతూ వచ్చేది. ఏళ్ల తరబడి సున్నాన్నీ సబ్బునూ తిన్న సుబ్బక్క వేళ్లను ఆ అద్దం ఖాతరు చేయదు కాబట్టి, ఆఫీసుకు పోయేముందు సుప్రజే ట్యాబ్ తెరిచి స్టాండు మీద పెట్టేది. మాటల్లేవు, ఫోన్లు కూడా తక్కువే. గీత కదులుతుంటే అక్కడ సుబ్బక్క కూర్చుని ఉందని తెలిసేది. నాగలక్ష్మమ్మకు అంతకంటే అక్కర్లేదు.

ఒక శనివారం చుక్కలు కలవలేదు.

పనిలో ఉందేమో అనుకుంది. ఆదివారమూ కలవలేదు. సోమవారం పొద్దెక్కేదాకా ట్యాబ్ ముందు కూర్చుంది. చుక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. సుప్రజ నంబరుకు చేస్తే స్విచాఫ్. ముగ్గు పడని గుమ్మం అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చావు జరిగిన ఇంట్లోనే ముగ్గు వేయరు.

సుబ్బక్క మరదలి తల్లి అదే ఇంట్లో మంచం పట్టి ఏళ్లయింది, ఆ ముసలామే పోయుంటుందని తనకు తాను గట్టిగా చెప్పుకుంది. ఎంత చెప్పుకున్నా అన్నం సహించలేదు. పోయింది సుబ్బక్కే అయితే తనకు ఎవరు కబురు చేస్తారు? తాను వాళ్లకు ఏమవుతుందని? ఆ లెక్కన తాను పోయినా అంతే. ఓనరు మెట్లు కడిగిస్తాడు, టు-లెట్ బోర్డు పెడతాడు. చావు కబురు విని ఆమె కోసం తలకు పోసుకునే మనిషి కూడా ఉండదు.

మరునాడు మంగళవారం. చావింటి పలకరింపుకు మంగళవారం పోరు. మైల ఉన్న ఇంటి వైపు చుక్కలు పెట్టడం కూడా తప్పే అనిపించి, ఆ రోజు ట్యాబ్ ముట్టుకోలేదు. మధ్యాహ్నం ఏదో కొత్త నంబరు నుంచి రెండుసార్లు ఫోన్ మోగింది. బ్యాంకు పేరు చెప్పి మోసం చేసేవాళ్లని ఎత్తలేదు.

బుధవారం పొద్దునకు చేరేలా అర్ధరాత్రి బస్సుకు కడప పోయి, అక్కడ రాజంపేట బస్సు ఎక్కింది. పలకరింపుకు పోతోంది కనుక పూలూ పండ్లూ తీసుకోలేదు. దారి పొడుగునా ఏడవలేదు, ఏడిస్తే నిజమవుతుందని భయం.

సుబ్బక్క తమ్ముడి ఇంటి ముందు ముగ్గు ఉంది. అంటే ఇక్కడ చావు లేదు, అనుకుంది. దగ్గరికి పోయి చూస్తే అది అంటించిన ప్లాస్టిక్ ముగ్గు. అలాంటి ముగ్గు పుట్టుకకూ చెరగదు, చావుకూ చెరగదు. దాన్ని చూసి ఏం తెలుసుకోవాలి? ఆ ముగ్గు కనిపెట్టినవాణ్ణి మనసులోనే తిట్టుకుంది.

తలుపు తీసిన అమ్మాయి భుజాన బ్యాగుతో ఆఫీసుకు బయలుదేరుతోంది. ఎప్పుడూ చూడకపోయినా సుప్రజే అని తెలిసింది.

"ఎవురు కావల్లమ్మా?"

"సుబ్బక్క..." అని మాత్రం అంది నాగలక్ష్మమ్మ.

"మా అత్త పెరట్లో ఉండాది. పొద్దున్నే తలకు పోసుకోని కూర్చున్యాది. ఎవురో తెలిసినామె పోయినాదంట. ఏమన్నా అడిగితే పలకడంల్యా."

ఉంది. సుబ్బక్క ఉంది. ఆ మాట తప్ప తక్కినవేవీ నాగలక్ష్మమ్మ చెవికెక్కలేదు. గోడ పట్టుకుని పెరట్లోకి నడిచింది.

సుబ్బక్క బట్టలుతికే బండ మీద కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు వీపు మీద విడిచి ఉంది, నీళ్లు ఇంకా కారుతున్నాయి. పక్కన ట్యాబ్, బిళ్ళ ఊడిపోయిన పెన్ను. కుడిచేతికి ఆ రెండు వేళ్ల తొడుగు అలాగే ఉంది.

"సుబ్బక్కా."

ఆమె తల తిప్పి చాలాసేపు చూసింది. దయ్యమేమో, పాదాలు వెనక్కి తిరిగున్నాయేమో అని కాళ్ల వైపు కూడా చూసింది.

"నువ్వేనా?"

"నేనే."

"అట్లయితే ఊరికే పోసుకుంటి," అంది సుబ్బక్క.

"ఎవరు పోయినారక్కా?"

"ఎవురంటావేంది, నువ్వే. బిళ్ళ ఊడిపాయె, నేను గీత కలపలేకపోతి. సుప్రజేమో ఆదివారం తెస్తానని మర్సిపాయె. నువ్వు చుక్కలన్నా పెడతాండావు గదా అని చూస్తా కూర్చుంటి. నిన్న చుక్కలు గూడా ల్యాకపాయె. ఈ పిల్ల పాత ఫోను చెడిపోతే కొత్త నంబరు నుంచి చేపిస్తే ఎత్తకపోతివి." తొడుగు ఉన్న చేత్తో ముఖం తుడుచుకుంది. "నీకు ముందూ ఎనకా ఎవురుండారు? నీకోసం ఎవురు పోసుకుంటారు? అందుకని నేనే పోసుకుంటి."

మాత్రల డబ్బాలోని బిళ్ళలు నాగలక్ష్మమ్మకు గుర్తొచ్చాయి. ఆ సంగతి చెప్పాలి, క్షమించమనాలి. ముందు కూర్చోవాలి. మోకాళ్లు వద్దంటున్నా బండ మీదికి ఒరిగి, సుబ్బక్క వెనక కూర్చుంది. కొంగు చేతికి చుట్టుకుని ఆ తడి జుట్టు ఒత్తడం మొదలుపెట్టింది. నీళ్లు చల్లగా మణికట్టు మీదుగా మోచేతి దాకా జారాయి. కన్నీళ్లు ఇప్పుడొచ్చాయి, ఆమె ఆపుకోలేదు.

"ఊరికే ఏం పోసుకోలేదులే అక్కా," అంది.