ఏనుగు తిన్న ఐస్‌క్రీమ్

నివేదితకు తెలుగు చదవడం రాదు. మాట్లాడటం వచ్చు, తిట్టడం వచ్చు, అలిగితే ఎదుటివాళ్ళకు సందివ్వకుండా వాదించడమూ వచ్చు. అక్షరాలు మాత్రం ఆమె కంటికి పళ్ళెంలో పేర్చిన జంతికల్లా కనిపిస్తాయి. మద్రాసులో చూలై పేటలో స్థిరపడిన ఆ కుటుంబానికి ఇదేమీ వింత కాదు. ముత్తాత కాలం నుంచీ ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. రెండూ ఎప్పుడూ పోట్లాడుకోలేదు, పలకరించుకోనూ లేదు.

అమ్మాయి లైబ్రరీ సైన్స్ చదువుతోంది. పిల్లలకూ టీనేజీ వాళ్ళకూ లైబ్రరీ ఏమేం చేయాలన్నది ఆమె తీసుకున్న ప్రత్యేక పేపరు. ఏ వయసు పిల్లకు ఎలాంటి పుస్తకమివ్వాలో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఇక మిగిలింది ఒక్కటే. నిజం లైబ్రరీలో, నిజం పిల్లలకు, ఆదివారాలు కథలు చదివి వినిపించాలి. మాతృభాష తెలుగు అని దరఖాస్తులో చూసి, ప్రొఫెసర్ హేమమాలిని ఆమెను చూలైలోనే ఒక తెలుగు సంఘం లైబ్రరీకి వేసింది.

"నాకు చదవను రాదు మేడమ్" అన్న మాట నివేదిత నాలుక చివరిదాకా వచ్చింది. కాదంటే దొరికేది తాంబరం అవతల, రెండు బస్సులు మారాలి. ఇదైతే ఇంటి వెనక వీధి. మాట వచ్చిన దారినే వెనక్కిపోయింది. పైగా సర్టిఫికెట్ తెస్తే జూన్‌లో లైబ్రేరియన్ ఉద్యోగం ఇస్తామని రాయపురంలో ఒక బడివాళ్ళు మాటిచ్చి ఉన్నారు. ఉద్యోగం ముందు అక్షరాలెంత?

మొదటి ఆదివారం బొమ్మలెక్కువ, అక్షరాలు తక్కువ ఉన్న పుస్తకం తీసింది. అట్ట మీద ఏనుగు, దాని మూతికి తెల్లగా ఏదో నురగ. ఐస్‌క్రీమ్ అయ్యుంటుందని తీర్మానించి కథ మొదలుపెట్టింది. ఏనుగు కూతురి పెళ్ళికి పట్టుచీర కొనడానికి టి. నగర్ పోయింది. దాని చుట్టుకొలతకు సరిపోయే చీర పాండీ బజారు మొత్తంలో దొరకలేదు. ఆ దిగులుతో ఐస్‌క్రీమ్ బండి మొత్తం తినేసింది. అక్షరాల కింద వేలు జరుపుతూ చదవాలని పాఠంలో ఉంది కాబట్టి వేలూ జరిపింది. చాపమీది పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. వాళ్ళవీ ఆ చుట్టుపక్కల తెలుగిళ్ళే, వాళ్ళకూ అక్షరాలు రావు. కనక గురువుకు తగ్గ శిష్యులు.

చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. వాళ్ళకు మళ్ళీ అదే కథ కావాలి, అవే మాటల్లో కావాలి.

"అక్కా, పోయిన వారం పిస్తా ఐస్‌క్రీమ్ అని కదా ఉండె? ఈ వారం వెనిలా అంటావే?" అంది అమ్ములు. ఆ పిల్లకు ఎనిమిదేళ్ళు, జ్ఞాపకశక్తి మాత్రం వడ్డీ వ్యాపారిది. నివేదిత ఇంటికిపోయి తన అబద్ధాన్ని పొల్లు పోకుండా బట్టీ పట్టింది. చదవడం వచ్చినవాళ్ళకు ఈ కష్టముండదు.

ఒక వారం అమ్ములు ఆ పుస్తకం ఇంటికి తీసుకుపోతానంది. ఇస్తే గుట్టు బయటపడుతుందని నివేదితకు తెలుసు. కానీ అడిగిన పిల్లకు పుస్తకం లేదనకూడదు. ఆమె చదివిన చదువంతా పిండితే మిగిలేది ఆ ఒక్క ముక్కే. ఇచ్చింది.

తర్వాతి ఆదివారం మార్కులు వేయడానికి హేమమాలిని మేడమ్ వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆమెవాళ్ళూ మైలాపూరులో పాతకాపులైన తెలుగువాళ్ళే. నివేదిత చాప దులిపిందో లేదో, అమ్ములు అవ్వ రాజలక్ష్మి ఒక చేత్తో మనవరాలినీ ఇంకో చేత్తో పుస్తకాన్నీ పట్టుకుని లోపలికొచ్చింది.

"ఏమ్మా, ఇందులో ఐస్‌క్రీమ్ యాడుంది? పొద్దునా రాత్రీ పళ్ళు తోముకోమని కదా రాసుండేది?"

"అవ్వకు చదవను రాదక్కా," అంది అమ్ములు. "ఏ బుక్కిచ్చినా పళ్ళు తోముకో అనే చెప్తాది."

"చూడండి మేడమ్," అంటూ రాజలక్ష్మి పుస్తకాన్ని హేమమాలిని చేతిలో పెట్టింది. "నేను నాయుడుపేటలో అయిదో క్లాసు దాకా చదివినా. ఇది నన్ను నమ్మటంలా. మీరు పెద్ద చదువులు చదివినోళ్ళు, ఆడ ఏముందో మీరే చెప్పండి."

హేమమాలిని కళ్ళద్దాలు సర్దుకుంది. పేజీ తిప్పింది. అక్షరాల కంటే ఏనుగునే ఎక్కువసేపు చూసింది. ఆ చూపు నివేదితకు బాగా తెలుసు. మొదటిరోజు తనూ ఆ పేజీని సరిగ్గా అలాగే చూసింది.

"నివేదిత చెప్పిందే ఉంది," అంది మేడమ్. "మూలం ఎక్కడా తప్పలేదు."

రాజలక్ష్మి పుస్తకం వెనక్కి తీసుకుంది. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. "మొన్నటిదాకా బాగానే కనపడతా ఉండెనే," అని తనలో తను అనుకుంది. అమ్ములు అవ్వ చెయ్యి వదిలేసి చాపమీద తన చోటికి పోయింది.

నివేదిత కుక్కిన పేనులా ఊరుకుంటే చాలు. మార్కులు, సర్టిఫికెట్, రాయపురం, అన్నీ నడిచొచ్చి ఒళ్ళో కూర్చుంటాయి. కానీ ఆ ముసలామె పేజీలోంచి తల ఎత్తడం లేదు. నివేదితకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, తనమీద తనకే ఒళ్ళు మండింది.

"అవ్వ చదివిందే కరెక్టు," అంది. "నాకే చదవను రాదు. బొమ్మలు చూసి నేను కట్టిన కత అది."

అమ్ములు లెక్క వేసుకుని, "అయితే మేడమ్‌కు కూడా రాదా?" అంది. ఆ ప్రశ్నకు జవాబు పైకప్పులో ఎక్కడో ఉన్నట్టు మేడమ్ అటు చూసింది.

రాజలక్ష్మి కుర్చీ లాక్కుని కూర్చుని, పుస్తకం మొదటినుంచీ గట్టిగా చదివింది. పేస్టు, తెల్లటి నురగ, పుచ్చిపన్ను, రోజుకు రెండు పూటలా. పిల్లలు బుద్ధిగా విన్నారు. ఆమె పుస్తకం మూసి మనవరాలికేసి చూసింది.

"నీకు చదవను వచ్చు అవ్వా," అని ఒప్పుకుంది అమ్ములు. "కత మాత్రం బాలేదు."

రాజలక్ష్మి మొహం విప్పారింది. బాగాలేని కథ ఆమెది కాదు, చదువు మాత్రం ఆమెదే.

మేడమ్ వెళ్ళేముందు నివేదితను గుమ్మం దగ్గరికి పిలిచి, ఈ ఏడు పాస్ చేయడం కుదరదనీ, అక్షరాలు నేర్చుకుని వచ్చే ఏడు ఇక్కడే మళ్ళీ చేయాలనీ చెప్పింది. నేర్పడానికి రాజలక్ష్మి ఒప్పుకుంది. జూన్‌లో రాయపురం ఉద్యోగం ఇంకెవరికో పోయింది. నివేదిత రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, మూడోరోజు తిన్నది.

ఆదివారం పాఠాలు మొదలయ్యాయి. మొదటి పాఠానికి హేమమాలిని మేడమ్ కూడా వచ్చింది, పర్యవేక్షణకు అంది. కుర్చీ వేస్తే వద్దని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని చాపమీద అమ్ములు పక్కన కూర్చుని, హ్యాండ్‌బ్యాగులోంచి కొత్త పలక తీసింది.