రిగ్రెట్టుకూ అపాలజీకీ నడుమ మారెక్క గోడ

కన్నడనాట యశ్వంతనగర్ దగ్గర ఒక గని కంపెనీలో విజయ్ కుమార్‌ది ఊళ్లవాళ్లకు సర్దిచెప్పే ఉద్యోగం. తాతల నాటి నుంచి మిషన్ బడి చదువున్న ఇల్లు కావడంతో అతనికి ఇంగ్లీషంటే కన్నబిడ్డంత ముద్దు.

ఒకరోజు తెల్లవారుజామున కంపెనీ లారీ ఒకటి ఖనిజం నింపుకుని వచ్చి, దారి పక్క ఊళ్లో మారెక్క అనే ఆమె వంటింటి గోడలోకి దూరింది. ఆమె పెరట్లో ఉండబట్టి బతికింది. ఊరివాళ్లు లారీని కదలనివ్వలేదు. మేనేజరు ఫోనులో విజయ్ కుమార్‌కు పాఠం చెప్పాడు.

"రిగ్రెట్ అను. అపాలజీ మాత్రం నోట రానీకు. రిగ్రెట్ అంటే జరిగినదానికి బాధ. అపాలజీ అంటే తప్పు మనదేనని ఒప్పుకోవడం. కోర్టులో ఆ రెండూ ఒకటి కావు."

ఎంత సన్నని తేడా అని విజయ్ కుమార్ మురిసిపోయాడు. దాన్ని పట్టుకోగల మనిషి ఈ తాలూకాలో తానొక్కడేననుకుంటూ జీపు దిగాడు. చిక్కల్లా తెలుగులో చెప్పడం దగ్గర వచ్చింది.

"జరిగినదానికి కంపెనీ విచారిస్తాండాదక్కా," అన్నాడు.

"విచారించేదానికి ఏముండాదప్పా? లారీ నా వంటింట్లోనే ఉండాది, చూడు," అంది మారెక్క. ఆ ఊళ్లో తెలుగులోనైనా కన్నడంలోనైనా విచారించడమంటే పోలీసులు వచ్చి అడిగి పోవడమే.

"అది కాదక్కా. చింతిస్తాండాది."

"చింత నాది గదా. గోడ లేంది నాకు. కంపెనీకి ఏం చింత?"

ఊరిపెద్ద వీరభద్రప్ప కల్పించుకున్నాడు. "తప్పయిందని ఒక మాట అనేసి లారీ తీసుకపోప్పా. దానికింత తిప్పలేల?"

"బాధ వేరే, తప్పు వేరే, పెద్దాయనా."

"నన్ను కట్టుకున్న ఆయప్ప కూడా తాగొచ్చి కొట్టి, తెల్లారినాక బాధ పడేటోడు," అంది మారెక్క. "తప్పని మాత్రం సచ్చేదాకా అనలే."

విజయ్ కుమార్ చప్పున జీపు వైపు తిరగబోయి, ఇటుకల మీద తూలి, మారెక్క కాలిని బూటుతో తొక్కేశాడు.

"అయ్యో, తప్పయిపాయక్కా, తప్పయిపాయ," అంటూ వంగి ఆ కాలు ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

వీరభద్రప్ప గొంతు సవరించుకున్నాడు. "అనేసినాడు. అందరూ విన్నారు గదా? లారీ తియ్యండి."

"అది కాలికన్నది, గోడకు కాదు," అని విజయ్ కుమార్ గొణిగాడు. అప్పటికే అందరూ లారీ చుట్టూ చేరారు.

ఎవరో తీసిన వీడియో సాయంత్రానికల్లా మేనేజరుకు చేరింది. విజయ్ కుమార్‌ను లారీల తూకం దగ్గరికి మార్చారు. అక్కడ అంకెలతో తప్ప ఇంగ్లీషుతో పనిలేదు. కంపెనీ నెల తిరగకుండా గోడ కట్టించింది. తప్పు ఒప్పుకుని కాదు, పేదల మీద దయతోనని ఫొటోలు తీయించుకుంది. గోడ నిండా మనిషెత్తు అక్షరాలతో తన పేరు రాయించుకుంది.

రంగు ఆరిన మరునాడు మారెక్క పేడగంప దించి, మొదటి అక్షరం నుంచి వరసగా పిడకలు కొట్టడం మొదలుపెట్టింది. డ్యూటీకి పోతున్న విజయ్ కుమార్ బైకు ఆపి, ఇంకా ఏయే అక్షరాలు మిగిలాయో తీరిగ్గా చదువుకుని పోయాడు.