ఒక్క ఊపిరిలో ఇరవై

ఆ కాలనీలో అందరూ ఆమెను లీడరమ్మ అనేవాళ్ళు. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఆ పేరు పెట్టింది కన్నతల్లే, అదీ వెక్కిరింతగా. యువజన సంఘం అంటూ పొద్దస్తమానం కాళ్ళకు బలపాలు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగే కూతురికి అంతకన్నా ఏం పేరు పెడుతుంది? సంఘానికి ఆశయాలు రెండు. అందరికీ పని, అందరికీ ఆరోగ్యం. రెండింటినీ సంఘం గది గోడమీద పక్కపక్కనే రాసుకున్నారు. వాటికి ఒకదానితో ఒకటి పడదని అప్పటికి వాళ్ళకు తెలీదు పాపం.

కాలనీకి పని ఇచ్చేది ఒక్కటే, రాతిపొడి మిల్లు. తెల్లరాయిని పిండి చేసి సంచులకెత్తుతారు. అందులో సంచుల్లోకి పోయింది సంచుల్లోకి పోగా మిగిలింది మనుషుల ఛాతీల్లోకి పోతుంది. దగ్గేవాళ్ళతో పని సాగదని మిల్లు మేస్త్రీ ఒక పద్ధతి కనిపెట్టాడు. పొద్దున్నే గేటు దగ్గర అందరినీ వరసలో నిలబెట్టి, ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టమంటాడు. మధ్యలో దగ్గు వచ్చిందా, ఆ రోజుకి ఇంటికే. డాక్టరు చదువు చదవని మనిషికి ఇంత తెలివెక్కడిదని మిల్లు యజమాని ముక్కున వేలేసుకున్నాడట.

పోయినేడాది అలా గేటు నుంచే ఇంటిముఖం పట్టినవాళ్ళను చూసి లీడరమ్మకు కడుపు తరుక్కుపోయింది. వెంటనే సంఘం గదిలో సాయంత్రం క్లాసులు పెట్టింది. ముందు గోరువెచ్చని నీళ్ళు తాగాలి. బుగ్గన లవంగం పెట్టుకోవాలి. ఊపిరి పొట్ట నిండా పీల్చాలి. పదిహేను దగ్గర గొంతులో గరగర మొదలైతే మింగేయాలే తప్ప ఆగకూడదు. నెల తిరిగేసరికి కాలనీ కాలనీ ఇరవై దాటేసింది. గేటు లోపలికి వెళ్ళాక సంచుల గుట్ట వెనక్కి పోయి కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా దగ్గుకునేవాళ్ళు, అది వేరే సంగతి. సంఘం నివేదికలో మాత్రం ‘ఉపాధి శిక్షణ, నూటికి నూరు శాతం విజయం’ అని రాసుకున్నారు. ఆ క్లాసులో అందరికన్నా చురుకైన విద్యార్థిని, మిల్లులోనే పనిచేసే వాళ్ళమ్మే.

ఇక మిగిలింది ఆరోగ్యం. వారానికోసారి ఛాతీ డాక్టరు, మందులు ఉన్న వ్యాను కాలనీకి రావాలని లీడరమ్మ ఆరోగ్య శాఖ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఊరికే కాదు. ఆర్నెల్లుగా అమ్మకు పడుకుంటే దగ్గు, లేస్తే ఆయాసం. మిల్లు మానెయ్యవే అంటే, “మానేసి నీ నివేదికలు వండుకు తిందామా?” అనేది. పెద్దాస్పత్రికి పోవాలంటే సెలవు పెట్టాలి. సెలవెందుకని మేస్త్రీ కూపీ లాగుతాడు. వ్యాను గుమ్మంలోకి వస్తే తప్ప అమ్మ డాక్టరు ముఖం చూడదు.

ఆఖరికి ఆఫీసరు గారు కరుణించి తనిఖీకి వచ్చారు. పదిమందిలో ఒక్కరికైనా ఛాతీ జబ్బు లక్షణాలు కనబడితే వ్యాను ఖాయమన్నారు. అందరూ ఒకచోట దొరుకుతారని మిల్లు ఆవరణలోనే బల్ల వేయించుకున్నారు. ఊపిరి కొలిచే మిషను ఒకటి తెచ్చారు గానీ, అది పెట్టెలోంచి బయటికి వచ్చాక ఎంత బతిమాలినా పని చెయ్యలేదు. ఏం చెయ్యాలా అని ఆయన బుర్ర గోక్కుంటుంటే మేస్త్రీ వినయంగా ముందుకొచ్చాడు.

“మిషనెందుకండీ, మా దగ్గర ఒక పద్ధతి ఉంది.”

లీడరమ్మ గుండెల్లో రాయి పడింది.

వరస కట్టారు. మేస్త్రీ హాజరు పుస్తకం చంకన పెట్టుకుని బల్ల పక్కనే నిలబడ్డాడు. అతని ఎదుట దగ్గే ధైర్యం ఎవరికుంది? నూట నలభై మందిలో ఒక్కరు తడబడితే ఒట్టు. అమ్మ వంతు వచ్చింది. ఈ ఒక్కసారికి దగ్గమ్మా అని కూతురు కళ్ళతోనే బతిమాలింది. ఆ చూపు అమ్మకు ఇంకోలా అర్థమైంది. పాఠం చెప్పిన కూతురి పరువు నిలబెట్టాలని ఇరవై రెండు దాకా పోయింది.

“ఎలా ఉంది?” అంది పక్కకొచ్చి, రొప్పుతూ.

“బ్రహ్మాండం. మన వ్యాను గంగలో కలిసింది,” అంది కూతురు.

వ్యాను పక్క కాలనీకి పోయింది. వీళ్ళకు ‘ఆదర్శ ఆరోగ్య కాలనీ’ అని బిరుదొచ్చింది. మిల్లు షెడ్డులోనే సన్మాన సభ. దుమ్ము కదా అని వేదిక మీది అతిథులకు ముక్కుకు కట్టుకునే గుడ్డలు పంచారు. కింద కూర్చున్నవాళ్ళు ఆదర్శవంతులు కాబట్టి వాళ్ళకు అక్కర్లేకపోయింది. యువశక్తి అంటే ఇదీ అని ఆఫీసరు గారు లీడరమ్మను పిలిచి, అద్దం కట్టిన ప్రశంసాపత్రం చేతిలో పెట్టారు.

“అతిథుల కోసం ఆ లెక్క ఇంకోసారి చేయించమ్మా.”

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోపం ఆఫీసరు మీద కాదు, మేస్త్రీ మీదా కాదు. క్లాసులు పెట్టిన తన మీద తనకే. మైకు దగ్గరికి వచ్చింది.

“ముందు మేస్త్రీ గారు లెక్కపెడతారు. పద్ధతి వారిదే కదా.”

అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రీకి తప్పించుకునే దారి లేకపోయింది. పదిహేనేళ్ళుగా ఆ గేటు దగ్గర, అదే దుమ్ములో నిలబడ్డ మనిషి. అతన్ని లెక్కపెట్టమన్న నాథుడు ఇన్నాళ్ళూ లేడు. ఒకటి, రెండు అంటూ దర్జాగానే మొదలుపెట్టాడు. పది అయింది. పదకొండు దగ్గర గొంతు పట్టేసింది. పన్నెండుకు బదులు దగ్గు వచ్చింది. వంగిపోయి మైకు కడ్డీని పట్టుకున్నాడు. మైకు ఆ దగ్గును షెడ్డంతా వినిపించింది.

అప్పుడు మూడో వరసలో అమ్మ లేచింది. బుగ్గన ఉన్న లవంగం తీసి అవతల పారేసి, ఇన్నాళ్ళూ మింగిందంతా కక్కేస్తున్నట్టు దగ్గింది. ఆమె పక్కావిడ అందుకుంది. ఆ వెనక వరసలు అందుకున్నాయి. అతిథులు ముక్కుల మీది గుడ్డలు ఇంకాస్త బిగించుకున్నారు. వేదిక మీద కూర్చున్న యజమానికి ఎక్కడో పని గుర్తొచ్చి వెళ్ళిపోయాడు.

ఆఫీసరు గారు ప్రశంసాపత్రాన్ని మెల్లిగా వెనక్కి తీసుకుని బల్లమీద బోర్లించారు. “వ్యాను కోసం కొత్త ఫారాలు ఉన్నాయి. కానీ దగ్గు ఉందని ఎవరికి వాళ్ళు సంతకం పెట్టాలి. పెడతారా?”

దగ్గినంత సులువు కాదు సంతకం. రేపు మళ్ళీ గేటు ఉంది. జనం నీళ్ళు నములుతుంటే అమ్మే బల్ల దగ్గరికి వచ్చింది.

“రాయవే.”

“ఎన్నాళ్ళ నుంచి?” అని అడిగి, జవాబు తెలిసిందే కదా అని లీడరమ్మ ఆర్నెల్లు అని రాయబోయింది.

“నాలుగేళ్ళు.”

కలం ఆగిపోయింది. “నాకు ఆర్నెల్లన్నావే!”

“ఇంట్లో నీ దగ్గర దాచడం అలవాటేగా. నీ క్లాసుకి రాకముందే సగం నేర్చుకున్నాలే,” అంది అమ్మ.

ఏడుపు ఆపుకోవడం ఆ పిల్ల వల్ల కాలేదు. ఏడుస్తూనే నాలుగు అని రాసింది. అమ్మ సంతకం చేసి పక్కకు జరిగేసరికి వెనక వరస తయారైంది.

షెడ్డు ఖాళీ అయ్యాక ఆఖరున మేస్త్రీ వచ్చాడు. యజమాని కుర్చీ వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరని నిమ్మళించాడు.

“దగ్గు ఉందా అండీ?”

“రాసుకో. పైకి మాత్రం చదవకు.”

పైకి చదవకుండానే రాసింది. సంతకం చేయించుకుంది. “మరి రేపు గేటు దగ్గర ఇరవై లెక్క?” అని అడిగింది.

మేస్త్రీ హాజరు పుస్తకం చంకన సర్దుకున్నాడు.

“పది చాల్లేమ్మా,” అన్నాడు.