కలిపితే పిల్ల కనబడదు

మా షాపులో తలుపులకు పెట్టే నేమ్ ప్లేట్లు, ఆఫీసు బోర్డులు చేస్తాం. కంప్యూటర్లో బొమ్మ గీసేది నేను, ఆ గీతల వెంట అక్రిలిక్ షీటును కోసేది లేజర్ మిషన్. పదకొండేళ్ళుగా ఇదే పని. అక్క పోయిన ఐదో రోజునే వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా ఎవరూ ఏమీ అనలేదు. వెనక మాత్రం అనుకున్నారట, కంట్లో చుక్క నీరు లేదు, ఇదేం మనిషమ్మా అని. అనుకోనీ. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు కదా, నాకు ఒళ్ళంతా అలాగే ఉంది. ఏడుపు రానప్పుడు అరువు తెచ్చుకుని ఏడవాలా?

నాలో మిగిలింది ఒక్క భయం. అక్క కూతురికి ఆరేళ్ళు. మేమంతా బుడంకాయ అని పిలుస్తాం. బావకు వేరే ఊరు బదిలీ అయింది. శనివారం పొద్దున దాన్ని తీసుకుని అక్కడే ఉన్న తన తల్లిగారింటికి వెళ్ళిపోతున్నాడు. అంత చిన్న పిల్ల, కొత్త ఊరు, కొత్త బడి. ఏడాది తిరిగేసరికి తల్లిని మర్చిపోతుంది. అలా మర్చిపోకూడదు, అంతే. మిగతా దేని మీదా నాకు ధ్యాస లేదు.

బుధవారం బుడంకాయే అడిగింది, "పిన్నీ, అక్కడ నా గది తలుపుకి అమ్మా నేనూ ఉన్న బొమ్మ చేసిపెట్టవా?" అని.

ఇద్దరూ కలిసి ఉన్న మంచి ఫోటో ఒక్కటే దొరికింది. అక్క కుర్చీలో పక్కకు తిరిగి కూర్చుంది. ఒళ్ళో బుడంకాయ, కాళ్ళు మడుచుకుని, గౌను వెడల్పుగా పరుచుకుని. ఇద్దరి చుట్టూ విడివిడిగా గీత గీశాను. అక్క ఒక షేపు, దాని మీద పిల్ల ఇంకో షేపు. ఇక రెంటినీ కలపడమే మిగిలింది. రోజుకు యాభైసార్లు చేసే పని, కళ్ళు మూసుకుని చేస్తాను.

రెండూ సెలెక్ట్ చేసి యునైట్ నొక్కాను. ఒక నల్లటి ముద్ద మిగిలింది. పక్కన స్టూలెక్కి చూస్తున్న బుడంకాయ, "నేనేదీ?" అంది. నిజమే, అది మొత్తం అక్క గీత లోపలే ఉంది. కలిపేస్తే పిల్ల కనబడదు. వెనక్కి తీసుకుని, పై షేపుతో కింది దాన్ని కోసేసే మైనస్ ఫ్రంట్ నొక్కాను. అక్క కడుపు దగ్గర పిల్లంత చిల్లు పడింది. "అయ్యో, నేను రాలిపోయా!" అని నవ్వింది. అదీ కాదని ఇంటర్‌సెక్ట్ నొక్కాను. దానితో రెండు షేపులూ ఒకదాని మీద ఒకటి పడ్డ చోటు మాత్రమే ఉంటుంది, మిగతాది పోతుంది. తెర మీద పిల్ల ఒక్కతే ఉంది. అక్క లేదు.

ఈసారి అది నవ్వలేదు. నేను కంట్రోల్ జెడ్ కొట్టి అక్కను వెనక్కి తెచ్చాను.

అప్పుడు బుడంకాయే అంది. "అసలు కలపకు పిన్నీ. అమ్మని అమ్మలాగే ఉంచెయ్. నన్ను విడిగా చెయ్. బడికెళ్ళేటప్పుడు నన్ను తీసేసుకుంటా, ఇంటికొచ్చాక మళ్ళీ ఒళ్ళో పెట్టేస్తా."

పదకొండేళ్ళ అనుభవం ఏడ్చినట్టే ఉంది. నాకు తట్టనిది బొడ్డూడని దానికి తట్టింది.

అయితే ఒక చిక్కు. పిల్లను తీసినప్పుడు కింద అక్క పూర్తిగా ఉండాలి. ఫోటోలో ఆమె చేతులు మోచేతుల దాకానే ఉన్నాయి, ఆ తర్వాత అంతా గౌను కప్పేసింది. లేని చేతులు నేనే గియ్యాలి. అక్కవీ నావీ ఒకే అచ్చు చేతులని అందరూ అనేవారు. శుక్రవారం మధ్యాహ్నం ఫోను అర మీద నిలబెట్టి, ఖాళీ ఒళ్ళో చేతులు ముడుచుకుని ఫోటో తీసుకున్నాను. దాని మీదుగా గీతలు లాగేశాను. చేతులు చేతుల్లాగే వచ్చాయి. ఆ గీతల్ని లేజర్ అక్క ముక్క మీద సన్నగా చెక్కింది. పిల్ల ముక్క వెనక ఒకటి, అక్క ముక్క వెనక ఒకటి అయస్కాంతం అతికించాను.

"బ్రహ్మాండం! ఇలాంటివి ఓ వంద చేసి అమ్మొచ్చు," అన్నాడు మా ఓనరు. అనేసి నాలిక్కరుచుకున్నాడు. పాపం, అనవసరంగా. నాకేమీ అనిపించలేదు.

శనివారం బావ కారు నిండా సామాను వేసుకుని షాపు ముందు ఆపాడు. "తొందరగా ఇచ్చి పంపెయ్, చాలా దూరం పోవాలి," అని బయటే ఉండిపోయాడు. బుడంకాయ లోపలికొచ్చి బొమ్మను బల్ల మీద పెట్టుకుని, ఒళ్ళోంచి తనను తాను తీసింది. కింద ఉన్న చేతులకేసి చాలాసేపు చూసింది.

"ఇవి అమ్మ చేతులు కావు."

"ఎందుకు కావే? అమ్మవీ నావీ ఒకటేగా."

"అయితే నీవి. అమ్మ చేతులు ఊరికే ఇలా పెట్టుకోదు. గౌను కింద నా పాదాలు పట్టుకుంటుంది, చల్లబడిపోతాయని."

నాకు తెలుసు. ఎన్నిసార్లు చూడలేదు! ఎవరితో మాట్లాడుతున్నా ఆ రెండు పాదాలూ అక్క గుప్పిట్లోనే ఉండేవి. "అవేమన్నా పారిపోతాయా?" అని వెక్కిరించింది కూడా నేనే. పిల్ల మర్చిపోతుందని నేను హడలిపోతున్నాను. ఇరవై రెండు రోజులకే మర్చిపోయింది నేను.

"మార్చేస్తానే, పావుగంట పని," అన్నాను. "ఎలా పట్టుకునేదో చూపించు. ఫోటో తీసి గీసేస్తా."

చెప్పులు విడిచి నా ఒళ్ళోకెక్కింది. కాళ్ళు మడుచుకుని, గౌను సర్దుకుని, నా చేతులు ఒక్కొక్కటే తీసి పాదాల మీద పెట్టింది. "అలా కాదు, గట్టిగా. వేళ్ళు కూడా కప్పాలి," అంది. కప్పాను. నిజంగానే మంచుముక్కల్లా ఉన్నాయి. అక్క ఇక లేదు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నా ఆగలేదు, దాని జుట్టంతా తడిసిపోయింది.

అది కదలకుండా కూర్చుంది. బయట బావ హారన్ కొట్టాడు.

"ఫోటో తియ్యి పిన్నీ, నాన్న పిలుస్తున్నాడు."

ఫోను బల్ల మీదే ఉంది. అందుకోవాలంటే ఒక పాదం వదలాలి.

"తీస్తానే, ఒక్క నిమిషం," అన్నాను. హారన్ మళ్ళీ మోగింది. ఇంకో నిమిషం అన్నాను.