ఆగిపోయిన పిండిమర

"ఇంకెన్నాళ్ళు దాన్ని మూలన పెట్టుకుని చూస్తాం? ఆదివారం జోజప్పని రమ్మన్నాను. పాతసామాన్లకి ఇచ్చేద్దాం," అన్నాడు సీతారామారావు, ఇడ్లీలో ఇంకాస్త చట్నీ వేయించుకుంటూ.

వీధి వసారాలో ఉన్న పిండిమర గురించి ఆ మాట. పిండికొకటి, కారానికొకటి, రెండింటికీ కలిపి ఒకే మోటారు. మామగారు పెట్టిన మర. ఆయన పోయాక పద్నాలుగేళ్ళు సీతారామారావు భార్య రమాసుందరే ఆడించింది. అది ఆగి పది నెలలైంది. మోటారు కాలిపోయిందని తిరువూరులో ఆ నాలుగు వీధులకీ తెలుసు. కాలిపోలేదన్న సంగతి మాత్రం రమాసుందరి ఒక్కదానికే తెలుసు.

"అమ్మడానికి వీల్లేదు," అంది అత్తగారు రావమ్మ. "మీ నాన్న చేతిమీద పెట్టింది. ఏటా దసరాకి పసుపూ కుంకుమా పెట్టుకుంటున్నాం. దాని మానాన అదుంటది. ఇప్పుడేం కొంపలంటుకున్నాయి?"

అమ్మాలా ఉంచాలా అని తల్లీకొడుకులు తేల్చుకుంటున్నారు. రమాసుందరిని ఎవరూ అడగలేదు. ఒకవేళ అడిగితే ఏం చెప్పాలో తెలియక ఆమె వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

పోయిన ఏప్రిల్లో, కారాల రోజులవి. తెల్లారకముందే ఆడవాళ్ళు ఎండుమిరపకాయల డబ్బాలు వరసలో పెట్టేవారు. ముక్కుకి తువ్వాలు కట్టుకున్నా ఘాటు గొంతులోకి దిగేది. చేతుల మంట సాయంత్రానికీ తగ్గేది కాదు. కూతురు పూజితకి జ్వరం వచ్చినప్పుడు మోచేతి వెనకవైపుతో ఒళ్ళు చూసింది తప్ప అరచెయ్యి నుదుటిమీద పెట్టలేకపోయింది. ఒళ్ళు అలిసిపోతోందంటే, "స్విచ్చి నొక్కితే అదే ఆడుద్ది, నువ్వేమన్నా రోట్లో దంచుతున్నావా?" అనేది రావమ్మ. గల్లాపెట్టె తాళంచెవి మాత్రం ఆవిడ బొడ్లోనే ఉండేది. చుట్టాలెవరైనా అడిగితే, "మా ఆవిడ ఇంట్లో ఖాళీయేనండీ, ఊరికే మర చూసుకుంటుంది," అనేవాడు సీతారామారావు. పెనుగొలను బడిలో పాఠాలు చెప్పొచ్చిన మనిషి ఆయన, ఖాళీ అంటే ఏమిటో ఆయనకి తెలియదనుకోవాలా? ఒకరోజు దగ్గు తెర ఆగక ఆమె గోనెసంచి మీద కూలబడిపోయింది. ఆయన బడినుంచి వచ్చి, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, "ఆ తలుపు దగ్గరగా వేసుకో, పిల్ల చదువుకుంటోంది," అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే బోర్డులో ఉన్న మూడు ఫ్యూజుల్లో ఒకటి పీకేసి చీరల మడతల్లో దాచింది. ఒకటి లేకపోతే మోటారు మూలుగుతుందే కానీ తిరగదని ఎలక్ట్రీషియన్ చెప్పగా ఎప్పుడో విన్నది. ఆమె స్విచ్చి ఒకసారి నొక్కి ఆపేస్తే సీతారామారావు గుమ్మంలోంచే ఆ మూలుగు విన్నాడు. "మోటారు కట్టించాలంటే చాలా అవుద్ది, తర్వాత చూద్దాం," అన్నాడు. వసారాలోకి అడుగు పెట్టి చూసిన వాళ్ళు లేరు. నాలుగు రోజులకి చేతుల మంట తగ్గింది. ఆ చేతులతో పూజిత తల దువ్వి జడ వేస్తూ రమాసుందరి సంతోషంతో ఏడ్చేసింది.

ఆ సంతోషం నెల కూడా నిలవలేదు. మర దగ్గర జల్లెడ పట్టే పుష్పలత పని పోయింది. మొగుడు లేని మనిషి, ఇద్దరు పిల్లలు. రోజూ ఆటో ఎక్కి పత్తి తీతకి పోతోంది. దారిలో కనబడితే, "మోటారు ఎప్పుడు బాగవుద్దక్కా?" అని అడిగేది. "చూద్దాంలే పుష్పా," అనేది రమాసుందరి. పత్తి తొడిమలు గీరుకుపోయిన ఆ వేళ్ళు చూసిన పూట అన్నం సయించేది కాదు. గుట్టుచప్పుడు కాకుండా ఫ్యూజు పెట్టేస్తే? మర బాగైందని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు, మర్నాటికి తను మళ్ళీ ఆ గోనెసంచి మీదే. అదనుకోగానే చెయ్యి వెనక్కి వచ్చేసేది. దొంగతనం చేసినట్టుండేది. చేసింది దొంగతనమే, ఇంకొకత్తె కూలి కదా.

ఆదివారం జోజప్ప ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. మర చుట్టూ ఒకసారి తిరిగి, "మోటారు పోయిందన్నారుగా మాస్టారూ, ఇనప రేటే వస్తది," అన్నాడు. సీతారామారావు సరేననబోతుండగా, మర అమ్మేస్తున్నారని తెలిసి పుష్పలత పరుగున వచ్చింది.

"అమ్మొద్దు మాస్టారూ! నాకు బాడుగకివ్వండి. మోటారు నేనే కట్టించుకుంటా. కారాల రోజులొచ్చేస్తన్నాయి, నెల తిరక్కుండా బాడుగ చేతిలో పెడతా."

"ఆ ఘాటు నువ్వు పడగలవా?" అంది రావమ్మ.

"పడతానమ్మా. నా కష్టం నా చేతికొస్తే చాలు."

సీతారామారావు మొహం వికసించింది. బాగుచేయించే ఖర్చు లేదు, ఊరికే బాడుగ. మొగుడు పెట్టిన మర ఇల్లు దాటిపోదు కాబట్టి రావమ్మా తలూపింది. ఇక అందరికీ బాగానే ఉంది. నోరు మూసుకుంటే రమాసుందరికీ బాగానే ఉంటుంది. అప్పుడు చూసింది, పుష్పలత చెవులకి దుద్దులు లేవు. తమ్మెల్లో వేపపుల్లలు గుచ్చి ఉన్నాయి. చెడిపోని మోటారు బాగుచేయించడానికి వాటిని అప్పుడే తాకట్టు పెట్టేసి వచ్చింది.

"పుష్పా, ఆ దుద్దులు విడిపించుకో," అంది రమాసుందరి. "మోటారు కాలలేదు. ఫ్యూజు నేనే పీకాను."

జోజప్ప చల్లగా ఆటో దగ్గరికి జారుకున్నాడు.

"పది నెలలక్కా," అంది పుష్పలత. అరిచినా బాగుండేది.

"తప్పు చేశాను పుష్పా. నీకు చేశాను. మర నువ్వే ఆడించుకో, నీకు పోయిన పది నెలలకి బదులు రాబోయే పది నెలలూ బాడుగ లేదు. నేను మాత్రం ఇక దాని దగ్గర కూర్చోను."

"బాడుగ లేదనడానికి నువ్వెవరివే?" అని రావమ్మ లేచింది. సీతారామారావు మొహం జేవురించింది. "ఇంట్లో ఇంత మోసమా? చేతకాకపోతే చేతకాదని చెప్పొచ్చుగా!"

రమాసుందరి ఆయన వైపు తిరిగింది. పది నెలలుగా ఎత్తని తల ఎత్తింది.

"పద్నాలుగేళ్ళు చెప్పానండీ. మర ఆగితేగానీ మీకు వినపడలేదు."