అరవైనాలుగు మంది చూస్తున్నారు

రాజ్‌కోట్ ఆస్పత్రి నుంచి బోటు నడిపే తండేలు సోములు ఫోన్ చేసేసరికి పొద్దున్న పది దాటింది. బోటు మీద వల చుట్టే యంత్రంలో ఉమాశంకర్ కుడికాలు నలిగి అప్పటికి రెండు రోజులు. మోకాలి కిందకి తీసేస్తే మనిషి దక్కుతాడట. రేపు పొద్దుటికల్లా తియ్యకపోతే విషం పైకెక్కుతుందట. కాయితం మీద సంతకం పెట్టమంటే మాత్రం వాడు ఒకటే మాట మీదున్నాడు. పెళ్ళాం దుర్గ వచ్చి పక్కన నిలబడాలి, అప్పుడే కత్తి పెట్టనిస్తాడు.

కళింగపట్నం నుంచి అక్కడికి రైల్లో రెండు రోజుల పైమాటే. ఏటా వేటకి ఆ రైల్లోనే, మరుగుదొడ్డి పక్కన కూర్చుని వెళ్ళే ఉమాశంకర్‌కి ఆ సంగతి తెలియనిది కాదు. భయం వేసినప్పుడు మగవాళ్ళు ముందుగా మరిచిపోయేది దూరమే.

ఇంట్లో పెద్ద దిక్కు అత్తగారు తాతమ్మ. ఏమీ తోచనప్పుడు దిక్కు మాత్రం అనిత. ఆమె దుర్గకి తోడికోడలు, శ్రీకాకుళంలో బీఎస్సీ చదివింది. ఆ చదువుతో ఇన్నాళ్ళూ చేసిందల్లా వీధిలో వాళ్ళకి గ్యాస్ బుక్ చెయ్యడం, ఆధార్‌కి ఫోన్ నంబరు కలపడం. భర్త యుగంధర్ వేరే బోటులో నడిసముద్రంలో ఉన్నాడు, వారం దాకా ఫోనుకి దొరకడు.

"అక్కా, సాయంత్రం ఇమానం ఉన్నాదంట కదేటి?" అంది దుర్గ. అప్పటికే సంచిలో రెండు చీరలు కుక్కేసింది.

ఉంది. ఆ విమానాల కంపెనీ పేరు 'రివ్వు'. యజమాని బెంగుళూరు ఆసామి. పది నిమిషాల్లో కొత్తిమీర కట్ట గుమ్మంలో పెట్టే యాప్ కనిపెట్టి వేల కోట్లు గడించాడు. కొత్తిమీరని వాడిపోకుండా చేర్చినవాణ్ణి, మనుషుల్ని చేర్చలేనా అనుకున్నాడో ఏమో, పోయినేడు విమానాలు కొన్నాడు. ఆ కంపెనీకి కౌంటర్ లేదు, ఫోన్ నంబరు లేదు, కేకలేద్దామంటే మనిషి లేడు. టిక్కెట్టు ధర కూడా మనుషులు నిర్ణయించరట, యాపే నిర్ణయిస్తుందట.

తొమ్మిదివేల ఏడొందలు చూపించింది. దుర్గ బ్యాంకులో అంతకి కాస్త ఎక్కువే ఉంది. అనిత పేరు కొట్టింది, వయసు కొట్టింది, ఫోనుకొచ్చిన ఓటీపీ నంబరు కొట్టింది. తెర మీద చక్రం తిరిగి తిరిగి, 'మళ్ళీ ప్రయత్నించండి' అంది. మూడుసార్లు ప్రయత్నించింది. సముద్రం పక్కన సిగ్నల్ కూడా కెరటంలాంటిదే, వచ్చినట్టే వచ్చి పోతుంది.

అప్పుడు అనితకి తెలివైన ఆలోచన ఒకటి వచ్చింది. వీధి వాట్సాప్ గ్రూపులో దుర్గ వివరాలన్నీ పెట్టి, 'నా ఫోన్లో అవడం లేదు. ఎవరి ఫోన్లో అయితే వాళ్ళు టిక్కెట్టు పట్టండి' అని రాసింది.

ఆ ఊళ్ళో అలాంటి మాట రెండోసారి చెప్పక్కర్లేదు. ఒడ్డు నుంచి లాగే పెద్దవల బరువెక్కితే, అది ఎవరి వలో అడగరు. అటుగా పోతున్నవాళ్ళు చేతిలోది కింద పడేసి తాడు పట్టుకుంటారు. పెళ్ళికి బయల్దేరినవాళ్ళయినా సరే.

ఒక్కరి ఫోన్లోనూ చక్రం ఆగలేదు. గంటలో టిక్కెట్టు పదమూడువేలయింది. మరికాసేపటికి పందొమ్మిది. అనిత కంపెనీవారి చాట్ పెట్టెలో, 'మనిషి ప్రాణం మీదకొచ్చింది, పాత ధరకి ఇప్పించండి' అని రాసింది. లోపలున్న యంత్రం తడుముకోకుండా జవాబిచ్చింది: 'మీ ప్రయాణ ఉత్సాహం మాకెంతో ఆనందం! ధర పెరిగేలోపు త్వరపడండి.'

పన్నెండున్నరకి ముప్ఫైఒక్కవెయ్యి. కింద ఎర్రటి అక్షరాలు: 'రెండే సీట్లు. ఇప్పుడు 64 మంది చూస్తున్నారు.'

"అరవైనాలుగు మందా?" తాతమ్మ నోరు తెరిచింది. "ఆళ్ళందరికీ రాజ్‌కోట్‌లో ఏటి పనే? ఆళ్ళ మొగుళ్ళకీ కాళ్ళు ఇరిగినాయేటి?"

అనిత తలెత్తి వీధిలోకి చూసింది. ధనరాజు కొట్టు ముందు అయిదుగురు. వల కుట్టేచోట ఎనిమిది మంది. ఎండుచేపలు తిరగెయ్యడం మానేసి జగ్గమ్మ, ఆమె కోడలు. అందరి తలలూ వంగి ఉన్నాయి. అందరి వేళ్ళూ నొక్కుతున్నాయి.

చేతిలో ఫోను అలాగే పట్టుకుని లేచింది.

తుఫాను షెల్టరు దాకా పరిగెత్తి మైకు అందుకుంది. "అందరూ ఫోన్లు కింద పెట్టీయండి! మనం సూస్తుంటే ఎవలో ఎగబడతన్నారనుకుని యాపు రేటు పెంచుతన్నాది. దండం పెడతాను, ఒదిలీయండి!"

జగ్గమ్మ నడుం మీద చెయ్యేసుకుని వచ్చింది. "ఒదిలీమంటావేటే? బరువెక్కినాక తాడొదిలితే వలేటవుతాది?"

"ఇది లాగితే ఒడ్డుకొచ్చే వల కాదు పిన్నీ. మనం లాగినకొద్దీ లోనికి పోతన్నాది."

"మరి ఆ మాట ముందే సెప్పొద్దేటి, సదూకున్నదానివి?"

అనిత మైకు దించేసింది.

చూడొద్దంటే చూడకుండా ఉండటం మనుషుల తరం కాదని తాతమ్మకి తెలుసు. చేపల తట్ట ఒకటి తెచ్చి ఇసకలో పెట్టి, అందరి ఫోన్లూ అందులో వెయ్యమంది. పైన గోనె కప్పి దాని పక్కనే చతికిలబడింది. అనిత లెక్కపెట్టింది. అరవైమూడు. అరవైనాలుగోది తన చేతిలో ఉంది. దాన్నీ కట్టేసింది.

రేటు దిగుతుందని గంటసేపు చూడకూడదనుకున్నారు. రెండింటికి బయల్దేరితేనే విమానం అందుతుంది. ధనరాజు ఆటో తెచ్చి నిలిపాడు. ఊరు ఊరంతా ఎండలో ఇసక మీద ఊరికే కూర్చుంది. దుర్గ సంచి ఒళ్ళో పెట్టుకుని, కొంగు ముడివేసి, విప్పి, మళ్ళీ ముడివేసింది. గోనె కింద ఏదో ఫోను ఆగకుండా సినిమా పాట పాడి పాడి ఊరుకుంది.

"ఇంకెంతసేపే?" అంది తాతమ్మ.

ఒంటిగంటా యాభైకి అనిత ఫోను తెరిచింది. ఇప్పుడు చూస్తున్నది ఒక్కరే అంది యాపు. కింద ఇంకో ముక్క: 'ఆసక్తి తగ్గినందున నేటి సాయంత్రం విమానం రద్దు. రేపు సాయంత్రం ప్రయాణించండి, కేవలం 4,999! మీ సహనానికి ధన్యవాదాలు.'

రెండుసార్లు చదివింది. రెండే సీట్లు మిగిలిన విమానం, ఊరు కళ్ళు మూసుకోగానే ఖాళీ అయిపోయింది.

దుర్గ ఆమె మొహం చూసింది. ఒడ్డున లాగి ఉన్న సూరయ్య పడవ వైపు చూసి, లేచి కొంగు బిగించింది.

"సూరయ్య మావా, నీ పడవ ఇంజను ఏసీయ్."

"ఒడ్డు మీదా? ఎందుకే?"

"ఏసీయమన్నాను. అక్కా, సోములు నంబరు కలుపు. బొమ్మ కనబడకూడదు, మాట సాలు."

ఇంజను రెండుసార్లు కక్కి అందుకుంది. సూరయ్యకి అప్పుడు అర్థమై హోరు ఇంకొంచెం పెంచాడు. అటు సోములు ఉమాశంకర్‌కి ఫోను ఇవ్వగానే, దుర్గ ఇంజనుకి దగ్గరగా నిలబడి, స్పీకరు పెట్టిన ఫోను నోటి దగ్గర పట్టుకుని, ఊరంతా వినేలా అరిచింది.

"బావా, నానే! ఇమానం ఎక్కీసినాను. హోరు ఇనబడతన్నాదా? నానొచ్చేలోపు డాట్రు నిన్ను లోనికి తీసుకెళ్ళిపోతాడేమో, నువ్వు సంతకం పెట్టీయ్. లేచేసరికి పక్కనుంటాను."

స్పీకర్లో ఊపిరి వినబడింది. సరిగ్గా అప్పుడే ఇంజను ఖళ్ళున దగ్గి, ఆగబోయి, మళ్ళీ నడిచింది.

"దుర్గా," అన్నాడు ఉమాశంకర్. గొంతు బాగా నీరసంగా ఉంది. "ఇమానం సూరయ్య మావ తోల్తన్నాడేటి?"

దుర్గ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అదింకా అలగే దగ్గుతన్నాది. బాగు సేయించమని అప్పుడే సెప్పినాను కదా." మళ్ళీ ఊపిరి. "ఎవలెవలున్నారే అక్కడ?"

దుర్గ చుట్టూ చూసింది. "అందరూను."

తరవాత అటు దూరంగా, "సోములూ, ఆ కాయితం ఇలగ తే," అన్న మాట వినబడింది.

"నాను రైలుకి వస్తన్నాను బావా," అంది దుర్గ. ఈసారి అరవలేదు. ధనరాజు సంచి తీసుకెళ్ళి ఆటోలో పెట్టాడు.

సూరయ్య కళ్ళు తుడుచుకుంటూ ఇంజను కట్టెయ్యబోయాడు. తాతమ్మ గోనె దగ్గర్నుంచి కసురుకుంది.

"ఆపకురా! ఆడు ఫోను పెట్టీయలేదు. ఇంకా ఆ హోరు ఇంటన్నాడు."